‘మెసర్స్’లో దాగిన దొరలు

ప్రశ్న: కాకినాడలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తుంటాను. వచ్చే నెల ఫ్రాన్సు నుంచి నలుగురు కొనుగోలుదారులు మా ప్లాంటు చూడడానికి వస్తున్నారు. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు. స్త్రీలలో ఒకరు ఈమధ్యనే చదువు ముగించి ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఇంగ్లీషులో తయారు చేసిన ఆహ్వానంలో నేను ‘మాన్సియర్స్’, ‘మేడమ్స్’ అని రాశాను. మా మేనేజరుగారు మొదటిదాన్ని కొట్టివేసి ‘మెసర్స్’ అని దిద్దారు. రెండోదాన్ని అలాగే ఉంచారు. పైగా మా కంపెనీ పేరుకు ముందు కూడా మెసర్స్‌కు సంక్షేపంగా ఎం, ఏటవాలు గీత, ఎస్ పెట్టమన్నారు. ఇంటికి వెళ్ళి చెబితే, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ‘అది ఆడవాళ్ళ పేర్లకు ముందు పెట్టేది కదమ్మా’ అంది. ఇందులో ఎవరి మాట సరైనది? ఆ అమ్మాయిని మాద్‌మ్వాజెల్ అనాలా? సభలో వారిని ఎలా సంబోధించాలి?
— ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ ముగ్గురి మాటల్లోనూ కొంత సరి, కొంత తప్పు ఉన్నాయి. ‘మాన్సియర్స్’ అనే రూపం తప్పని మీ మేనేజరుగారు గ్రహించడం సరైనదే. కానీ ‘మేడమ్స్’ను ఉంచడం ఆయన పొరపాటు, ఆ దిద్దుబాటును మీ కంపెనీ పేరు దాకా తీసుకుపోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. మీ అమ్మాయి సందేహం సహజమైనదే అయినా, ఆమె రెండు వేరు వేరు సంక్షేపాలను ఒకటిగా చూసింది. మీ అతిథుల పేర్లను ఇక్కడ ప్రచురించడం లేదు. వాటికి బదులుగా మొరో, బెర్నార్, లాంబేర్, రిషార్ అని, మన రావు, రెడ్డిల మాదిరిగా ఫ్రాన్సులో ఎక్కడ చూసినా కనిపించే ఇంటిపేర్లు వాడుతున్నాను.

ఈ చిక్కుకంతటికీ మూలం ఒక్కటే. మీరు ‘మాన్సియర్’ అని రాసిన, ఫ్రెంచివారు ‘మస్యో’ అని పలికే ఆ గౌరవవాచకాన్ని మనం ఒకే మాట అనుకుంటున్నాం కానీ అది నిజానికి రెండు మాటల అతుకు. దాని మొదటి భాగం ‘మోఁ’, అంటే ‘నా’. రెండో భాగం ‘సియర్’, అంటే ‘దొర’. కలిపి చెబితే ‘నా దొర’. అలాగే ‘మదామ్’ అంటే ‘నా దొరసాని’. ‘మాద్‌మ్వాజెల్’లో దామ్ స్థానంలో పెళ్ళికాని యువతిని సూచించే ‘ద్‌మ్వాజెల్’ చేరింది. ఫ్రెంచిలో స్త్రీలింగ శబ్దానికి ముందు వచ్చే ‘నా’కు ‘మా’ అనే రూపం ఉండడం మనకు కలిసివచ్చిన విషయం. ‘మా దొరసాని’ అని గుర్తు పెట్టుకుంటే అర్థమూ ధ్వనీ ఒకేసారి మనసులో నిలుస్తాయి. ‘నా’ స్థానంలో ‘మన’ వస్తే ఏమవుతుందో చూడాలంటే పారిస్ నగరంలోని ‘నోత్ర్ దామ్’ చర్చి పేరు చూడండి: అది ‘మన అమ్మగారు’, అంటే మరియమాత. దామ్‌కు మూలం లాటిన్ ‘దోమినా’, ఇంటి యజమానురాలు, అచ్చంగా మన ‘ఇల్లాలు’. సియర్‌కు మూలం లాటిన్‌లో ‘పెద్దవాడు’ అనే అర్థమున్న ‘సెనియోర్’. మనం రోజుకు నలభై సార్లు అనే ‘సార్’ కూడా ఇంగ్లీషు ద్వారా ఆ మూలం నుంచే వచ్చింది. కాబట్టి మీ అతిథిని ‘మస్యో’ అని పిలిచినా ‘సార్’ అని పిలిచినా వేరు చూస్తే పిలిచినది ఒక్క మాటతోనే.

రెండు మాటల అతుకు కాబట్టి బహువచనంలో ఆ రెండూ మారతాయి. ‘నా దొర’ బహువచనం ఫ్రెంచి వ్యాకరణం ప్రకారం ‘నావైన దొరలు’. ఏకవచన రూపమైన ‘మోఁ’, ‘మా’ రెండింటికీ బహువచనం ‘మే’. దాన్ని ఎమ్, ఇ, ఎస్ అని రాస్తారు. కాబట్టి మస్యోకు మేస్యో, మదామ్‌కు మేదామ్, మాద్‌మ్వాజెల్‌కు మేద్‌మ్వాజెల్ బహువచనాలు. బిషప్పులకు, రాజవంశీయులకు వాడే ‘మోఁసెన్యోర్’ బహువచనంలో ‘మేసెన్యోర్’ అవుతుంది. మీరు చేసినదల్లా తలను కదిలించకుండా తోకకు మాత్రం ఎస్ తగిలించడం. ఇంగ్లీషు అలవాటు ఉన్నవారెవరైనా మొదట చేసే పని అదే.

తోకకు ఎస్ తగిలిస్తే సరిపోదని చెప్పడానికి ఒక బలమైన కారణం చెవిలో ఉంది. ఫ్రెంచిలో బహువచనానికి పదం చివర రాసే ఎస్ సాధారణంగా పలకదు. ‘మస్యో’ అనే మాటలో రాసిన ఎన్ పలకదు, చివరి ఆర్ కూడా పలకదు. ఇక దాని తరువాత ఎస్ పెట్టినా ఫ్రెంచివారి చెవికి తేడా తెలియదు. వారికి ఒకరా, పలువురా అన్నది తెలిసేది మాట మొదట్లోని అచ్చు వల్లనే. ‘మ’ అంటే ఒకరు, ‘మే’ అంటే పలువురు. మీ ఎండీగారు సభలో ఈ మాటలు పలకవలసి వస్తే ఆయనకు నేర్పవలసినది ఈ ఒక్క తేడాయే. అక్షరాలు చూసి ‘మోన్సియూర్’ అని చదవకుండా చూసుకోండి.

మన నేలకు ఈ పిలుపు కొత్తది కాదు. మీ ఊరికి దగ్గరలోనే ఉన్న యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్నదే. హైదరాబాదులో మూసారాంబాగ్ అనే పేట ఉంది, మెట్రో స్టేషను బోర్డు మీద కూడా ఆ పేరు కనిపిస్తుంది. నిజాం అలీఖాన్ కొలువులో సైన్యాధిపతిగా పనిచేసి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమోఁను ముస్లింలు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారనీ, పేటకు ఆ పేరే వచ్చిందనీ చెబుతారు. అందులోని ‘మూసా’ ఆయన పేరు కాదనీ, ‘మస్యో’ అనే పిలుపు జనం నోట మారిన రూపమనీ చెప్పే వివరణ ప్రసిద్ధం. ఒక పేట పేరులో ‘నా దొర’ రెండు వందల ఏళ్ళకు పైగా కూర్చుని ఉన్నాడన్నమాట.

ఇక ఇంగ్లీషు సంగతి. ‘మిస్టర్’ ఫ్రెంచి మాట నుంచి వచ్చినది కాదు. అది ‘మాస్టర్’ అనే మాట అరిగిపోగా మిగిలిన రూపం. కానీ దానికి సొంత బహువచనం గౌరవవాచకంగా స్థిరపడలేదు. ‘మిస్టర్స్’ అని ఎవరైనా అంటే అది పరిహాసంగానే వినిపిస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి ఇంగ్లీషువారు పొరుగింటి నుంచి బహువచనాన్ని మాత్రం తెచ్చుకున్నారు: ఫ్రెంచి ‘మేస్యో’ను కుదించి ‘మెసర్స్’ చేసుకున్నారు. ఏకవచనం ఒక వంశానిది, బహువచనం మరో వంశానిది. ఇలాంటి జత ఇంగ్లీషులో అరుదు. దీన్ని ఎమ్, ఇ, రెండు ఎస్‌లు, ఆర్, ఎస్ అని రాయాలి. పలుకుబడిని బట్టి రెండు ఎస్‌ల తరువాత మరో ఇ చేర్చి రాయడం చాలా కార్యాలయాల్లో చూస్తుంటాం, అది తప్పు. మీ మేనేజరుగారి దిద్దుబాటులో ఆ ఇ ఉందేమో ఒకసారి చూసుకోండి.

స్త్రీల విషయంలో ఇంగ్లీషువారికి ఎదురైన చిక్కు ఇంకా పెద్దది. ‘మిసెస్’ అనేది ‘మిస్ట్రెస్’ అనే మాటకు సంక్షేపం. ఒకప్పుడు ఇంటి యజమానురాలికి గౌరవంగా వాడిన ఆ మాటకు కాలక్రమంలో ఉంపుడుకత్తె అనే అర్థం అంటుకుంది. కాబట్టి దాన్ని పూర్తిగా విప్పి బహువచనంలో రాసే వీలు లేకుండా పోయింది. పోనీ ‘మేడమ్’కు ఇంగ్లీషు పద్ధతిలో ఎస్ చేర్చి ‘మేడమ్స్’ అందామా అంటే, ఆ రూపానికి వ్యభిచార గృహాలను నడిపే స్త్రీలు అనే అర్థం నిఘంటువులకెక్కింది. సొంత బహువచనాలు రెండూ ఇలా మైలపడడంతో మర్యాద కోసం వారు మళ్ళీ ఫ్రెంచి గడప తొక్కి ‘మేదామ్’ను తెచ్చుకున్నారు. మీ ఆహ్వానంలో మీరు చివర ఇ ఉంచి, దాని తరువాత ఎస్ పెట్టారు. అంటే మీరు రాసినది ఫ్రెంచి మాటకు తప్పు బహువచనమే తప్ప ఆ అభ్యంతరకరమైన ఇంగ్లీషు మాట కాదు. అయినా రెంటికీ మధ్య ఉన్న దూరం ఒక్క అక్షరం. దాన్ని మీ మేనేజరుగారు అలాగే వదిలేశారు కాబట్టి, వేరే ఏ దిద్దుబాటు జరిగినా జరగకపోయినా ఇది మాత్రం ఈరోజే జరగాలి.

ఈ బహువచనాలను పేర్లతో కలిపి వాడే పద్ధతి తెలుగువారికి కష్టం కాకూడదు, ఎందుకంటే మనకు ‘శ్రీయుతులు’ ఉంది. ‘శ్రీయుతులు రామారావు, సుబ్బారావు, వెంకటేశ్వర్లు గార్లు’ అని మన శుభలేఖల్లో, సభల ఆహ్వానపత్రాల్లో రాస్తాం. శ్రీయుతులు అనే మాట జాబితా మొదట ఒక్కసారే వస్తుంది, పేర్లు మాత్రం ఏకవచనంలోనే ఉంటాయి, రామారావులు అనం. మెసర్స్ చేసే పని సరిగ్గా అదే: ‘మెసర్స్ మొరో అండ్ బెర్నార్’ అని రాస్తే మిస్టర్ మొరో, మిస్టర్ బెర్నార్ అని అర్థం. ప్రతి పేరుకూ ముందు దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టనక్కరలేదు, ఇంటిపేరుకు ఎస్ చేర్చనూ కూడదు. పెళ్ళికాని అక్కచెల్లెళ్ళను కలిపి చెప్పేటప్పుడు ఇంగ్లీషువారు ‘ద మిసెస్ బ్రౌన్’ అని ‘మిస్’ అనే బిరుదాన్ని బహువచనం చేయడం పాత మర్యాద; ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘ద మిస్ బ్రౌన్స్’ అని పేరును బహువచనం చేసేవారు. ఇప్పుడు ఆ రెండూ దాదాపు వాడుక తప్పాయి.

ఇప్పుడు మీ కంపెనీ పేరు దగ్గరకు వద్దాం. మెసర్స్ మనుషులకు పెట్టే మర్యాద. వ్యాపార సంస్థల పేర్లకు ముందు అది ఎలా చేరిందంటే, ఒకప్పుడు వ్యాపార సంస్థ అంటే కొందరు భాగస్వాములు తమ ఇంటిపేర్లతో నడిపే కొట్టు. ఫలానా బ్రౌన్, ఫలానా స్మిత్ కలిసి కొట్టు పెడితే వారికి ఉత్తరం రాసేవాడు కవరు మీద ‘మెసర్స్ బ్రౌన్ అండ్ స్మిత్’ అని రాసి, లోపల ‘డియర్ సర్స్’ అని మొదలుపెట్టేవాడు. అంటే ఆ ఉత్తరం సంస్థకు కాదు, ఆ ఇద్దరు పెద్దమనుషులకు. అందుకే ఇంగ్లండులో పాత పద్ధతి తెలిసినవారు మనుషుల పేర్లున్న భాగస్వామ్య సంస్థలకే మెసర్స్ వాడతారు. లిమిటెడ్ కంపెనీ పేరుకు ముందు వాడరు, ఎందుకంటే కంపెనీ చట్టం దృష్టిలో తానే ఒక వ్యక్తి, కొందరు దొరల గుంపు కాదు. సరుకు పేరుతోనో, ఊరి పేరుతోనో ఉన్న సంస్థకూ వాడరు.

మన దేశంలో ఆ నియమం ఎప్పుడో గాలికి పోయింది. టెండరు కాగితాల నుంచి బ్యాంకు ఖాతాల దాకా, ఏ సంస్థ పేరుకైనా ముందు ఎం, గీత, ఎస్ పడవలసిందే. ఖాతాకు ఏ, గీత, సీ. ఫలానావారి కుమారుడికి ఎస్, గీత, ఓ అని రాసే గుమాస్తాల అలవాటులో నుంచే ఈ గీత కూడా వచ్చి చేరింది. ఒకసారి ఇంటి మరమ్మతు కోసం రెండు బస్తాల సిమెంటు, ఒక కుళాయి కొనడానికి హార్డ్‌వేరు దుకాణానికి వెళ్ళాను. కొట్టువాడు బిల్లు పుస్తకం తెరిచి, కొనేవాడి పేరు రాసే గీత మొదట్లో ముందే అచ్చువేసి ఉన్న ఎం, గీత, ఎస్ పక్కన నా పేరు రాసి ఇచ్చాడు. వెళ్ళినది నేనొక్కణ్ణే; బిల్లులో మాత్రం ‘నా దొరలు’ అయ్యాను. తెలుగులో ఒక్కరినే ‘మీరు’ అనీ ‘వచ్చారు’ అనీ బహువచనంలో గౌరవించే అలవాటు మనకు ఉంది కాబట్టి కాబోలు, ఆ బిల్లు చూసి నాకు కోపం రాలేదు.

మన దేశపు వ్యవహారాల్లో ఈ వాడుకను నేను తప్పు పట్టను. టెండరు ఫారంలో అలా రాయమన్నప్పుడు రాయండి. బ్యాంకు ఖాతా ఆ పేరుతో ఉంటే చెక్కు మీదా అలాగే రాయండి. కానీ మీ ఉత్తరం వెళ్ళేది ఫ్రెంచివారికి. పైగా అది మీ సొంత కంపెనీ తరఫున వెళ్ళే ఉత్తరం. మెసర్స్ ఎదుటివారు మనకు ఇచ్చే గౌరవం. మన పేరుకు మనమే దాన్ని తగిలించుకోవడం, ‘నేను సుబ్బారావుగారిని మాట్లాడుతున్నాను’ అని ఫోనులో అనడం లాంటిది. ఫ్రెంచివారు ఈ విషయంలో మనలాంటివారే. తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు పేరు చెబుతారే కానీ పేరుకు ముందు మస్యో అనో మదామ్ అనో చేర్చుకోవడాన్ని మర్యాదగా భావించరు. కాబట్టి మీ లెటర్‌హెడ్ మీద కంపెనీ పేరు ఒక్కటే ఉండనివ్వండి.

మీ అమ్మాయి సందేహానికి ఒక వాక్యంలో జవాబు: ఆడవారి పేర్లకు ముందు పెట్టే ‘మిజ్’లో ఎం, ఎస్ మధ్య గీత ఉండదు. పెళ్ళి ప్రసక్తి లేకుండా స్త్రీని గౌరవించే ఆ రూపాన్ని 1901లో ఒక అమెరికన్ పత్రిక సూచించింది. 1970ల నుంచే అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. దాని బహువచనం ఎలా రాసినా పలకడానికి ఇబ్బందే, కనుక ప్రతి పేరుకూ ముందు మళ్ళీ మిజ్ అని రాయడమే మంచిది.

మీరు అడగకపోయినా చెప్పవలసినది ఒకటి ఉంది. మీ లేఖతో జతచేసిన అతిథుల జాబితాలో ఒకరి పేరు ‘మిస్టర్ ఎం. మొరో’ అని, మరొకరిది ‘మిస్టర్ ఎం. బెర్నార్’ అని ఉంది. ఇద్దరికీ ఒకే పొడి అక్షరం ఎలా వచ్చిందా అని చూస్తే విషయం బోధపడింది. ఫ్రెంచిలో మస్యోకు సంక్షేపం ఒక్క ఎం అక్షరం, దాని పక్కన చుక్క. వారు పంపిన జాబితాలో ఉన్నది అదే. పేరుకు ముందు పొడి అక్షరం కనిపించగానే మల్లాదో, మొక్కపాటో, ముళ్ళపూడో అనుకోవడం తెలుగువాడి రక్తంలోనే ఉంది కనుక దాన్ని ఎవరో ఇంటిపేరుగా భావించి ముందు మిస్టర్ చేర్చారు. ఫలితంగా అది ‘శ్రీ శ్రీ మొరో’ అయింది. మన స్వాముల పేర్లకైతే బాగుంటుంది. ఆ ఎం తీసివేయండి. ఇద్దరు పురుషులను కలిపి చెప్పేటప్పుడు ఫ్రెంచివారు ఎం అక్షరాన్నే రెండుసార్లు రాసి చుక్క పెడతారు. పుటలకు ఇంగ్లీషులో రెండు పీలు రాసినట్టే అక్షరం రెట్టింపయితే బహువచనం. మదామ్‌కు సంక్షేపంలో పెద్ద ఎం తరువాత చిన్న ఎం, చిన్న ఇ ఉంటాయి, చుక్క ఉండదు. బహువచనానికి చివర ఎస్ చేరుతుంది. చుక్క ఒకదానికి ఉండి మరొకదానికి ఎందుకు లేదంటే, మాట చివరి అక్షరం సంక్షేపంలో మిగిలితే చుక్క పెట్టరు, మాట మధ్యలో ఆగిపోతే పెడతారు. బ్రిటిష్ ఇంగ్లీషులో మిస్టర్, మెసర్స్ సంక్షేపాల పక్కన చుక్క లేకపోవడానికీ కారణం అదే. అమెరికన్లు మాత్రం అన్నింటికీ చుక్క పెడతారు.

ఈ సంక్షేపాలను ఫ్రెంచివారు ఎక్కడ వాడతారన్నది కూడా గమనించదగినది. ఎదుట లేని మూడో మనిషి గురించి రాసేటప్పుడే వాడతారు. ఆ మనిషినే సంబోధించేటప్పుడు, కవరు మీద చిరునామా రాసేటప్పుడు మాట మొత్తం రాస్తారు. అక్కడ కుదించడం అమర్యాద. ఫ్రెంచిలో లాంఛనంగా రాసే ఉత్తరానికి సంబోధనగా ‘మదామ్’ అనో ‘మస్యో’ అనో ఒక్క మాట, తరువాత కామా సరిపోతాయి, ఇంటిపేరు చేర్చరు. ఉత్తరం ముగింపులో రాసే పొడవాటి మర్యాదవాక్యంలో అదే సంబోధనను మళ్ళీ ఒకసారి తెస్తారు. చదివేది ఎవరో తెలియనప్పుడు ‘మదామ్, మస్యో’ అని రెండూ ఏకవచనంలో రాస్తారు: స్త్రీ అయినా పురుషుడైనా చదివేది ఒక్కరే కదా.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమెను మాద్‌మ్వాజెల్ అనకండి. ఆ మాటకు ఒకప్పుడు గొప్ప వైభవం ఉండేది. పధ్నాలుగో లూయీ రాజుకు వరుసకు అక్క అయిన మోఁపాన్సియే డచెస్‌ను ‘గ్రాంద్ మాద్‌మ్వాజెల్’ అనే పిలిచేవారు. రాజు తమ్ముణ్ణి పేరు లేకుండా ఒట్టి ‘మస్యో’ అంటే చాలు, ఆయనేనని అందరికీ తెలిసేది. నాటకరంగంలో నటీమణులను వయసుతో, పెళ్ళితో నిమిత్తం లేకుండా మాద్‌మ్వాజెల్ అనే సంప్రదాయం ఇటీవలి దాకా ఉంది. కానీ మగవాడికి పెళ్ళయినా కాకపోయినా ఒకే మాట ఉండి, స్త్రీ మాత్రం ప్రతి దరఖాస్తులోనూ తన పెళ్ళి సంగతి చెప్పుకోవలసి రావడం అన్యాయమని అక్కడి స్త్రీవాద సంఘాలు పట్టుబట్టాయి. 2012 ఫిబ్రవరిలో అప్పటి ప్రధానమంత్రి ఫ్రాంస్వా ఫియోఁ జారీ చేసిన ఉత్తర్వుతో ప్రభుత్వ ఫారాల నుంచి ఆ మాటను, దానితోపాటు ‘పుట్టింటి పేరు’ అనే గడిని తొలగించారు. నిత్యవ్యవహారంలో దుకాణాల్లో, వీధుల్లో ఆ పిలుపు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని ఏ చట్టమూ నిషేధించలేదు. కానీ వ్యాపార ఉత్తరంలో, అదీ విదేశం నుంచి వచ్చే ఉత్తరంలో, చదువుకుని ఉద్యోగం చేస్తున్న స్త్రీకి వయసు ఎంతైనా మదామ్ అనే గౌరవమే తగినది. మనలో ‘కుమారి’ అనే మాట ఉద్యోగపు కాగితాల్లో ఈమధ్య ఎంత అరుదైపోయిందో మీకూ తెలుసు. ఇంగ్లీషులో రాస్తే ఇద్దరికీ మిజ్ అని రాయండి.

ఇప్పుడు మీ ఆహ్వానాన్ని ఎలా దిద్దాలో నా సలహా చెబుతాను. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది కాబట్టి బిరుదాలు కూడా ఇంగ్లీషువే ఉండనివ్వండి. ఇంగ్లీషు వాక్యంలో నాలుగు ఫ్రెంచి మాటలు చల్లడం వల్ల ఆత్మీయత పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అవి తప్పుగా పడితే మాత్రం ఆ ఆత్మీయతే నవ్వులపాలవుతుంది. నలుగురే కాబట్టి మెసర్స్, మేదామ్‌ల అవసరమే లేదు: మిజ్ లాంబేర్, మిజ్ రిషార్, మిస్టర్ మొరో, మిస్టర్ బెర్నార్ అని నాలుగు పేర్లూ విడివిడిగా, ఒక్కొక్క వరుసలో ఒక్కొక్కటి రాయండి. వీలైతే నాలుగు ఉత్తరాలు వేరువేరుగా పంపండి, అదే అన్నింటికన్నా మర్యాద. ఉత్తరానికి తెలుగు ప్రతి కూడా జతచేస్తామని మీ లేఖ చివర రాశారు; అందులో మస్యోలూ మదామ్‌లూ వద్దు. శ్రీమతి అంటే మళ్ళీ పెళ్ళి ప్రసక్తి వస్తుంది కాబట్టి బిరుదాలు లేకుండా నలుగురి పేర్లూ రాసి చివర ‘గార్లు’ అంటే చాలు. మేడమ్ అనే మాట తెలుగులో ఎప్పుడో స్థిరపడిపోయింది కనుక, ప్లాంటులో పనివారు ‘మేడమ్ గారూ’ అని పిలిస్తే సవరించవలసిన పని లేదు.

గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీ మీద ‘వెల్‌కమ్’ అని ఉంటే చాలు. ఫ్రెంచి తప్పనిసరిగా ఉండాలని మీ ఎండీగారు అంటే ‘బియాఁవెన్యూ ఆ కాకినాడ’ అని వేయించండి, దాని కింద బిరుదాలు లేకుండా పేర్లు. ఫ్లెక్సీ అచ్చువేసేవారికి ఇచ్చే ముందు అక్షరాలు మీరే కాగితం మీద పెద్దగా రాసి ఇవ్వండి, ఫోనులో చెప్పకండి.

సభలో సంబోధన ఒక్కటి మాత్రం ఫ్రెంచిలో ఉంటే అందంగా ఉంటుంది. స్త్రీలను ముందు చెప్పడం అక్కడి ఆచారం: ‘మేదామ్, మేస్యో’ అని పలికి, ఒక క్షణం ఆగి, మిగతా ప్రసంగమంతా ఇంగ్లీషులో సాగించవచ్చు. దుకాణాల్లో అందరినీ కలిపి ‘మేస్యో-దామ్’ అనడం వింటారు, అది కొట్టువారి పిలుపు; సభలో పనికిరాదు. అయితే ఈ సంబోధన లెక్కతో కూడుకున్నది. ఎదుట ఉన్నది ఒక్క స్త్రీ అయితే ‘మేదామ్’ అనకూడదు, ఒక్క పురుషుడైతే ‘మేస్యో’ అనకూడదు. కాబట్టి ప్రసంగం కాగితం చివరిదాకా ముడుచుకోకుండా ఉంచండి. విమానం ఆలస్యమై బెర్నార్‌గారు రాలేకపోతే ‘మేదామ్, మస్యో’ అని మార్చాలి. రిషార్‌గారు రాలేకపోతే ‘మదామ్, మేస్యో’ అని మార్చాలి. మీ ఎండీగారు వేదిక ఎక్కేముందు ముందువరుస కుర్చీలవైపు ఒకసారి చూసుకుని లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.